పుల్లమ్మ ముళ్ళకు నేరేడుపళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పూర్వం ఒక అలవాటు ఉండేది. ఇప్పుడు అది లేదు.

ఒకరి ఇంట తలదాచుకోవడానికి వచ్చినవారు ముందుగా గుమ్మం బయటే నిలబడేవారు. తమ పేరు చెప్పేవారు. తరువాత, తమ వల్ల ఆ ఇంటివారికి కలగబోయే ఇబ్బంది ఏమిటో తామే చెప్పేవారు. ఇంటివారు కూడా తమ వల్ల వచ్చినవారికి కలగబోయే ఇబ్బంది చెప్పేవారు. రెండూ విన్నాక, కుదిరితే "రండి" అనేవారు. కుదరకపోతే "కుదరదు" అనేవారు. కుదరదన్నందుకు ఎవరూ నొచ్చుకునేవారు కాదు. దీనిని ఆ అడవిలో గుమ్మం మాట అనేవారు.

ఒక ఏడాది వానాకాలంలో ముసలి ఎలుగుబంటి ఒకటి ఒక గుహ గుమ్మం ముందుకు వచ్చి, "నా పేరు బుర్రయ్య. నేను గురక పెడతాను. నిద్రలో మాట్లాడతాను కూడా. ఆ మాటల్లో అడవిలో అందరి రహస్యాలూ ఉంటాయి," అని చెప్పుకున్నది. ఆ ఏడాది దానికి ఆ గుహలో అన్నింటికంటే మంచి చోటు దొరికింది. మిగిలినవన్నీ దాని చుట్టూ చెవులు రిక్కించుకొని పడుకున్నాయి.

పిల్లలూ, ఆ గుహ ఒక రాళ్ళగుట్ట మీద ఉండేది. బోర్లించిన దొన్నెలా ఉండేది. ఎంత వాన కురిసినా లోపల చుక్క పడేది కాదు. అందులో పుల్లమ్మ అనే ముళ్ళపంది కాపురం ఉండేది. ఎండాకాలమంతా అది ఒక్కతే ఉండేది. వానాకాలం వస్తే చుట్టుపక్కల బొరియలు నీటితో నిండిపోయేవి. అప్పుడు అందరూ పుల్లమ్మ గుమ్మం ముందుకు వచ్చేవారు.

పుల్లమ్మ వాళ్ళకు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "నా పేరు పుల్లమ్మ. నా వల్ల మీకు ఇబ్బంది ఈ ముళ్ళు. నాకు జానెడు దూరంలో పడుకోండి."

అందరూ జానెడు దూరంలో పడుకునేవారు. ఎవరికీ ఏమీ గుచ్చుకునేది కాదు.

ఆ అడవిలో శేషు అనే గోరింక ఉండేది. ఒక వేసవిలో అది ఊరికి పోయి, బస్టాండు రేకుల మీద మకాం పెట్టింది. వేసవి ముగిశాక తిరిగి వచ్చింది. నడకలోనే కొంత తేడా వచ్చింది. కుందేలు దాసు, పునుగుపిల్లి సుగుణ, అడవికోడి వీరాసామి దాని చుట్టూ చేరాయి. పుల్లమ్మ కూడా వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నది.

"ఊరి నుంచి ఏం తెచ్చావు?" అని వీరాసామి అడిగింది.

"ఒక మాట తెచ్చాను. ఇంగ్లీషు మాట. అడ్జస్ట్," అన్నది శేషు.

"తినేదా?"

"తినేది కాదు. అనేది."

"అంటే ఏమవుతుంది?" అని సుగుణ అడిగింది.

శేషు గొంతు సవరించుకున్నది. "ఏమైనా అవుతుంది. బస్సు నిండిపోయిందనుకో. ఇంకా పదిమంది ఎక్కాలి. కండక్టరు 'కొంచెం అడ్జస్ట్ అవ్వండి' అంటాడు. ఎక్కేస్తారు. సీటు విరిగిందనుకో. మళ్ళీ అదే మాట. డ్రైవరు ముందున్న అద్దం వంకరగా ఉంటే దాన్నీ అడ్జస్ట్ చేస్తాడు. టీలో చక్కెర తక్కువైతే తాగేవాడు అడ్జస్ట్ అవుతాడు. బస్సు ఆలస్యంగా వస్తే అందరూ అడ్జస్ట్ అవుతారు. మొన్న ఒక కొత్త పెళ్ళికూతురు బస్సెక్కుతుంటే, వాళ్ళమ్మ చెవి దగ్గరికి వంగి ఈ ఒక్క మాటే చెప్పింది."

"అద్దానికీ, చక్కెరకీ, పెళ్ళికూతురికీ ఒకే మాటా?" అన్నది దాసు. దాని చెవులు రెండూ నిలబడ్డాయి.

"అదే దాని గొప్పతనం. ఇదొక్కటి నేర్చుకుంటే చాలు. మిగతా మాటలన్నీ పారేయవచ్చు."

పుల్లమ్మ కొంతసేపు ఆలోచించింది. "మరి కండక్టరు ఏం అడ్జస్ట్ అవుతాడు, శేషూ?" అని అడిగింది.

శేషు తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఆయన అనేవాడు కదత్తా. అనేవాళ్ళు అవ్వరు," అన్నది.

ఆ మాట అడవిలో చాలా త్వరగా పాకింది. అంతకుముందు పక్కకు పొమ్మనడానికి జరుగు అనేవారు. చిన్న చోటులో ఇమడమనడానికి ఒదుగు అనేవారు. నొప్పికి ఓర్చుకో అనేవారు. తొందరపడేవారిని ఆగు అనేవారు. తప్పు చేస్తే మన్నించు అనేవారు. ఇప్పుడు అన్నింటికీ అడ్జస్ట్ వచ్చింది. ఒకరి తోక తొక్కి అడ్జస్ట్ అనేవారు. ఒకరి పండు తినేసి అడ్జస్ట్ అనేవారు. ఒక కప్ప పాట సగంలో మరిచిపోయి, మిగతా సగం అడ్జస్ట్ చేసుకోమని చెరువులోకి దూకింది. వింటున్నవారు చాలాసేపు అక్కడే కూర్చొని, చేసుకోవడానికి ప్రయత్నించి వెళ్ళిపోయారు.

తొలకరి దాటి ముసురు పట్టింది.

పుల్లమ్మ గుహ ఊడ్చుకొని, పొడి ఆకులు పరిచి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది. మొదట కుందేలు దాసు వచ్చింది. దాని చెవులు తడిసి మొహం మీదికి జారి ఉన్నాయి. అలవాటు ప్రకారం గుమ్మం బయట నిలబడింది.

"నా పేరు దాసు. నా వల్ల నీకు కలిగే ఇబ్బంది ఏమిటంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ ఇబ్బంది చెప్పుకోవాలంటే దానికి ఏటా సిగ్గుగానే ఉండేది. పైగా వాన గట్టిగా కొడుతోంది. అప్పుడు దానికి గోరింక తెచ్చిన మాట గుర్తుకు వచ్చింది.

"పుల్లమ్మత్తా, కొంచెం అడ్జస్ట్ అవ్వు," అన్నది.

అని లోపలికి వచ్చేసింది.

"మిగతా మాట చెప్పలేదేం, అల్లుడూ?" అని పుల్లమ్మ అడగబోయింది. అప్పటికే దాసు పొడి ఆకుల మధ్య నిలబడి ఒళ్ళు దులుపుకుంటోంది. ఆ నీళ్ళన్నీ పుల్లమ్మ మొహాన పడ్డాయి. పుల్లమ్మ మొహం తుడుచుకున్నది.

తరువాత పునుగుపిల్లి సుగుణ వచ్చింది. అది గుమ్మం దగ్గర ఆగనే లేదు. నడుస్తూనే "అడ్జస్ట్, అడ్జస్ట్," అంటూ మధ్యలోకి వచ్చి కూర్చున్నది. ఆ తరువాత అడవికోడి వీరాసామి వచ్చింది. అది బయటి నుంచే ఆ మాట అరిచి చెప్పింది, లోపలివారు సిద్ధంగా ఉండడానికి. చివరికి శేషు వచ్చి, మాట తెచ్చినది తానే కాబట్టి తనకు అది కూడా అక్కర్లేదని చెప్పి, ఎత్తుగా ఉన్న రాతి మీద కూర్చున్నది.

ఇక ఇబ్బందులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

దాసు నిద్రలో వెనుకకాళ్ళతో నేలను వాయించేది. పెళ్ళిడోలు కూడా అంత ఓపికగా మోగదు. పుల్లమ్మ దాన్ని లేపి, "అల్లుడూ, కాళ్ళు," అంటే, "అడ్జస్ట్, అత్తా," అని మళ్ళీ నిద్రపోయేది.

ఉరుము ఉరిమినప్పుడల్లా సుగుణ దగ్గర నుంచి ఒక వాసన వచ్చేది. అది మంచి వాసనో చెడ్డ వాసనో ఎవరూ తేల్చలేకపోయారు. ఎక్కువ వాసన అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. పుల్లమ్మ ముక్కు మూసుకొని, "అమ్మాయీ, ఇదేమిటి?" అంటే, "ముక్కు కొంచెం అడ్జస్ట్ చేసుకో, పిన్నీ," అనేది.

వీరాసామి తెల్లవారడానికి చాలా ముందే కూసేది. కూసి, ఎవరైనా లేచారా అని అటూ ఇటూ చూసి, లేవకపోతే మళ్ళీ కూసేది. "ఇంకా సూర్యుడు రాలేదు కదయ్యా," అని పుల్లమ్మ అంటే, "సూర్యుణ్ణి అడ్జస్ట్ అవ్వమను. నేను నా సమయానికే లేచాను," అనేది.

పుల్లమ్మ ఎవరినీ పొమ్మనలేదు. ఒక్కమాట గట్టిగా అనలేదు. ఎందుకని మీరు అడగవచ్చు. ఆ సంగతి అది ఎవరికీ చెప్పలేదు. కాబట్టి ఇప్పుడప్పుడే మీకూ తెలియదు.

ఒక ఉదయం వీరాసామి ఒళ్ళు విరుచుకుంటూ వెనక్కి జరిగి, పుల్లమ్మ మీద కూర్చున్నది. కూర్చున్నంత వేగంగానే లేచింది. గుహ చుట్టూ తిరిగింది. రెండోసారి తిరిగేటప్పుడు దాని తోకలో ముల్లు ఒకటి అందరికీ కనిపించింది.

"ఇక్కడ ఒకరి వల్ల అందరికీ ఇబ్బందిగా ఉంది. పేరు చెప్పను. ముళ్ళున్నవారు," అన్నది వీరాసామి.

"మేమంతా ఇంత అడ్జస్ట్ అవుతున్నాం," అన్నది సుగుణ. "పిన్ని కూడా కొంచెం ముళ్ళు అడ్జస్ట్ చేసుకుంటే బాగుంటుంది."

"జానెడు దూరంలో పడుకుంటే చాలు కదమ్మా," అన్నది పుల్లమ్మ.

"ఈ గుహలో జానెడు ఎక్కడుందత్తా?" అన్నది దాసు, కాళ్ళు బారచాపుకొని.

పుల్లమ్మ ముళ్ళను వీపుకు అణిచిపెట్టి చూసింది. తుమ్ము వచ్చింది. అన్నీ లేచి నిలబడ్డాయి. గోడకు వీపు ఆనించి కూర్చున్నది. ముళ్ళు గోడ పగుళ్ళలో ఇరుక్కున్నాయి. దాన్ని బయటికి లాగడానికి అందరూ కలిసి రావలసి వచ్చింది. లాగినవారి చేతులకు ముళ్ళు గుచ్చుకున్నాయి. అది కూడా పుల్లమ్మ తప్పే అయింది.

అప్పుడు శేషు రాతి మీద నుంచి దిగింది. "నేరేడుపళ్ళు," అన్నది.

గుట్ట కింద నేరేడుచెట్టు విరగకాసి ఉన్నది. శేషు పళ్ళు కోసుకొచ్చింది. సుగుణ వాటిని వరసగా పేర్చింది. దాసు ఒక్కొక్క ముల్లు చివర ఒక్కొక్క పండు గుచ్చింది. వీరాసామి తోక ఎత్తి పట్టుకొని పని చూసుకున్నది. మధ్యాహ్నానికి పుల్లమ్మ ఒంటి మీద పండు లేని ముల్లు లేదు.

"ఎంత బాగున్నావత్తా," అన్నది దాసు. "పేరంటానికి తయారైనట్టు ఉన్నావు."

పుల్లమ్మ కదిలితే పళ్ళు ఒకదానికొకటి తగిలి పితపితలాడేవి. రసం కారి కళ్ళలో పడేది. ఆకలి వేసినవారు అటుగా వెళ్తూ ఒక పండు కోసుకొని తినేవారు. ఖాళీ అయిన ముల్లుకు మళ్ళీ పండు గుచ్చడానికి పుల్లమ్మ కదలకుండా నిలబడవలసి వచ్చేది. పళ్ళ వాసనకు చీమలు వచ్చాయి. అవి కూడా బారు తీరి, కొంచెం అడ్జస్ట్, కొంచెం అడ్జస్ట్ అంటూ, పుల్లమ్మ వీపు మీదుగా నడిచిపోయాయి.

పుల్లమ్మ కన్నీళ్ళు నేరేడురసంలో కలిసి ఊదారంగులో కారాయి. అందుకని అవి కన్నీళ్ళని ఎవరికీ తెలియలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వాన ఇంకా పెద్దదయింది. వాగు ఒడ్డు దాటింది. గుమ్మంలో వెలుతురు తగ్గింది. అందరూ అటు చూశారు.

గుమ్మంలో ఒక తల కనిపించింది. కొండచిలువ తల. ఆ తల వెనుక ఒళ్ళు ఉన్నది. ఒళ్ళు వెనుక ఇంకా ఒళ్ళు ఉన్నది. తోక ఎక్కడో గుట్ట మలుపు అవతల ఉన్నది.

కొండచిలువ చాలా మర్యాదగా, "కొంచెం అడ్జస్ట్ అవ్వండి," అన్నది.

దాసు కాళ్ళు మెలకువలోనే వాయించడం మొదలుపెట్టాయి. ఉరుము లేకుండానే సుగుణ వాసన వచ్చింది.

"ఈ మాట మీకెలా తెలుసండీ?" అని శేషు రాతి పైనుంచే అడిగింది.

"మీ దగ్గరే నేర్చుకున్నాను. నేరేడుచెట్టు మీద ఉండేవాణ్ణి. మీరు పళ్ళు కోస్తున్నప్పుడు విన్నాను. ఈ మాట అన్నవారెవరినీ ఇక్కడ పొమ్మనరని తెలిసింది."

"ఇక్కడ చోటు లేదండీ," అన్నది దాసు.

"చోటు ఉంటే ఆ మాట అక్కర్లేదు కదా, నాయనా. లేనప్పుడే కదా అనాలి," అన్నది కొండచిలువ. దాని తల గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"మేము చాలామందిమి ఉన్నామండీ," అన్నది సుగుణ.

"ఎంతమంది ఉన్నా నాకు అభ్యంతరం లేదు. రేపటికి ఒకరిద్దరు తగ్గినా అడ్జస్ట్ అవుతాను."

వచ్చినవారిని కాదనాలంటే గట్టి మాట ఒకటి కావాలి. ఎవరికి వారు ఆ మాట కోసం వెతుక్కున్నారు. తాము లోపలికి ఎలా వచ్చామో గుర్తుకు వచ్చి, ఆ వెతుకులాట మానుకున్నారు. కొండచిలువ ఇంకొంత లోపలికి వచ్చి, చుట్ట చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"అత్తా," అన్నది దాసు, చాలా చిన్న గొంతుతో. "గుహ నీది. నువ్వు చెప్పు. నువ్వు కొంచెం..."

ఆ తరువాత మాట దాని నోట్లోనే ఆగిపోయింది.

కొండచిలువ పుల్లమ్మ వైపు చూసింది. "ఈ పండ్ల కుప్ప ఎవరిది?" అని అడిగింది. "కొంచెం పక్కకు జరిపితే నా నడుము సర్దుకుంటుంది."

పుల్లమ్మ తన ఒంటి వైపు తాను చూసుకున్నది. చుట్టూ ఉన్నవారిని చూసింది. ఇప్పుడు గట్టిగా మాట్లాడితే వీరందరూ ఏమనుకుంటారో అనుకున్నది. మాట్లాడకపోతే వీరందరూ ఉండరు. ఒకరు ఉండరు, లేదా ఇద్దరు. ఎవరు ఉండరో దానికి తెలియదు. దాసును చూసింది. నిద్రలో వాయించే ఆ కాళ్ళు రేపు వాయించకపోతే తనకు నిద్ర పట్టదని దానికి అప్పుడు తెలిసింది.

"నేను పండ్ల కుప్పను కాదు. నేను ముళ్ళపందిని," అన్నది.

అని ఒక్కసారి ఒళ్ళు దులిపింది.

పళ్ళన్నీ లేచాయి. కొన్ని గోడలకు తగిలాయి. కొన్ని శేషుకు తగిలాయి. ఒకటి కొండచిలువ ముక్కు మీద పడి చితికింది. ముళ్ళన్నీ గలగలమని నిలబడ్డాయి. చాలాకాలం తరువాత పుల్లమ్మ తన అసలు సైజుకు వచ్చింది. గుహలో సగం అదే ఉన్నది.

అది గుమ్మం దగ్గరికి నడిచి, కొండచిలువకు ఎదురుగా నిలబడింది. కోపంగా మాట్లాడలేదు. "బయట నిలబడండి. పేరు చెప్పండి. మీ వల్ల మాకు కలిగే ఇబ్బంది చెప్పండి," అన్నది.

కొండచిలువ వయసులో పెద్దది. ఆ మాటలు విని చాలాకాలమైంది. అయినా గుర్తుపట్టింది. దాని ముఖంలో తప్పు చేసిన పిల్లవాడి సిగ్గు కనిపించింది. మాట్లాడకుండా వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అయితే తల వెనక్కి పోతోందన్న సంగతి తోకకు ఇంకా చేరలేదు. అది లోపలికే వస్తోంది. రెండూ గుమ్మం దగ్గర కలుసుకున్నాయి. కొంతసేపు ఎవరు ఎటు పోవాలో తేలలేదు. చివరికి అందరూ ఓపికగా చూస్తుండగా అది పూర్తిగా బయటికి వెళ్ళి, వానలో నిలబడింది. కొండచిలువ నిలబడగలిగినంత నిలబడింది.

"నా పేరు పెద్దిరాజు," అన్నది. "నా వల్ల ఇబ్బంది ఒక్కటే. ఆకలి వేస్తే దగ్గర ఎవరుంటే వారిని మింగుతాను. మింగాక చాలా రోజులు నిద్రపోతాను. అప్పుడు మాత్రం నా అంత మంచివాళ్ళు ఉండరు."

"నా పేరు పుల్లమ్మ. నా వల్ల ఇబ్బంది ఈ ముళ్ళు. నా ఇంట్లో ఉన్నవారిని మింగాలని వచ్చినవారి గొంతులో ఇవి అడ్డం పడతాయి. మళ్ళీ బయటికి రావు."

పెద్దిరాజు ఆలోచించింది. "అయితే కుదరదు," అన్నది.

"కుదరదు," అన్నది పుల్లమ్మ.

"ఈ సంగతి ముందే మాట్లాడుకుంటే నాకు లోపలికి వచ్చే శ్రమ తప్పేది," అన్నది పెద్దిరాజు. దాని గొంతులో నొచ్చుకున్నట్టు ఏమీ లేదు. "ఇంకెక్కడైనా పొడిచోటు ఉందా, పుల్లమ్మగారూ?"

"గుట్టపైన పడిపోయిన మద్దిచెట్టు ఉంది. లోపల డొల్ల. మీ ఒక్కరికి సరిపోతుంది."

పెద్దిరాజు తల వంచి, వెళ్ళిపోయింది. తోక వెళ్ళేసరికి కొంత ఆలస్యమైంది.

పుల్లమ్మ గుహలోకి తిరిగింది. అందరూ దాని వైపు చూస్తున్నారు.

"ఇక మీరు," అన్నది పుల్లమ్మ.

"మేమా? మేము లోపలే ఉన్నాం కదా," అన్నది వీరాసామి.

"బయటికి వెళ్ళి, రావలసినట్టు రండి."

"తడుస్తామత్తా," అన్నది శేషు.

పుల్లమ్మ నోటి దాకా ఒక మాట వచ్చింది. అది ఏ మాటో మీకు తెలుసు. పుల్లమ్మ దాన్ని మింగేసి, "అవును, తడుస్తారు," అని మాత్రం అన్నది.

అందరూ బయటికి వెళ్ళి వానలో బారుగా నిలబడ్డారు. మొదట దాసు వచ్చింది.

"నా పేరు దాసు. నా వల్ల ఇబ్బంది..." అని ఆగింది. "నీ ముళ్ళు," అన్నది.

"అవి నావి, అల్లుడూ. నీది చెప్పు."

దాసు నేల వైపు చూసింది. "నిద్రలో నేను పరుగెత్తుతాను. కలలో ఎప్పుడూ నక్క తరుముతూ ఉంటుంది. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. "నీ కాళ్ళ కింద మెత్తటి గడ్డి వేద్దాం," అన్నది పుల్లమ్మ. "ఎంతైనా పరుగెత్తు. చప్పుడు రాదు. రా."

సుగుణ వచ్చింది. "నా పేరు సుగుణ. నాకు ఉరుమంటే భయం పిన్నీ. భయం వేస్తే వాసన వస్తుంది. వాసన వస్తే సిగ్గు వేస్తుంది. సిగ్గు వేసినా వాసన వస్తుంది."

"అదీ అసలు సంగతి," అన్నది వీరాసామి వెనుక నుంచి. "నాకు జలుబు. నా పక్కన పడుకో."

వీరాసామి వంతు వచ్చింది. అది రొమ్ము విరుచుకొని నిలబడింది. తరువాత రొమ్ము దించింది. "నా పేరు వీరాసామి. నేను అందరికంటే ముందు లేస్తాను. లేచి చూస్తే చీకటి. ఎవరూ కదలరు. లోకంలో నేనొక్కణ్ణే మిగిలానేమో అనిపిస్తుంది. అందుకని పిలుస్తాను."

"ఆ వేళకు నేను మెలకువగానే ఉంటాను," అన్నది పుల్లమ్మ. "కూయకముందు 'ఉన్నావా' అని మెల్లగా అడుగు. 'ఉన్నాను' అంటాను. చాలునా?"

"చాలు," అన్నది వీరాసామి.

చివరికి శేషు వచ్చింది. "నా పేరు శేషు. నా వల్ల ఇబ్బంది... ఎక్కడో విన్న మాటలు తెస్తాను. ఇంకా రెండు తెచ్చాను. చెప్పనా?"

"వాన వెలిశాక చెప్పు. బయట చెప్పు," అన్నది పుల్లమ్మ.

అందరూ లోపలికి వచ్చి ఒళ్ళు దులుపుకున్నారు. ఈసారి గుమ్మం వైపు తిరిగి దులుపుకున్నారు. అప్పుడు దాసు, "అత్తా, నువ్వు నీది చెప్పలేదు," అన్నది.

"నాది మీకు తెలిసిందే. ముళ్ళు," అన్నది పుల్లమ్మ. ఆగింది. "ఇంకొకటి ఉంది. ఎప్పుడూ చెప్పలేదు. వానలో ఒక్కదాన్నే ఉండడం నాకు చేతకాదు. కాదంటే మీరు పోతారని భయం. అందుకే ఏం చేసినా ఊరుకున్నాను."

గుహలో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇబ్బంది ముందుగా చెబితే దానికి కూడా ఒక చోటు చూడడం ఆ అడవి పద్ధతి. దీనికి ఏ చోటు చూడాలో ఎవరికీ వెంటనే తోచలేదు.

"మధ్యలో," అన్నది వీరాసామి.

పుల్లమ్మను గుహ నడుమ పడుకోబెట్టారు. దాని చుట్టూ జానెడు ఎడం వదిలి, మిగతావారంతా గుండ్రంగా పడుకున్నారు. దాసు కాళ్ళు ముడుచుకుంటే ఆ జానెడు సులభంగానే దొరికింది.

ఆ వానాకాలమంతా వారు అలాగే ఉన్నారు. తరువాతి ఏళ్ళలో ఆ గుట్టమీద మళ్ళీ అంతమంది ఒకచోట చేరలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు.

ముసురు విడిచిన రోజు ఎండ కాసింది. పుల్లమ్మ, "ఆకులన్నీ చెమ్మగిల్లాయి. బయట వేద్దాం," అన్నది. అందరూ కలిసి ఆకుల పరుపు బయటికి లాగి, బండ మీద పలచగా పరిచారు. దాసు బరువైన తడి ఆకులు మోసింది. సుగుణ ముద్దకట్టిన వాటిని విడదీసింది. శేషు పుల్లలు ఏరింది. వీరాసామి కాలితో చెదరగొట్టింది, కొంచెం ఎక్కువగానే చెదరగొట్టింది. ఒక పక్క ఆరాక పుల్లమ్మ "తిప్పండి" అన్నది. వారు వంగి, ఆకులను రెండో వైపుకు తిప్పారు.

నీతి: మన వల్ల ఇతరులకు కలిగే ఇబ్బందిని మనమే ముందుగా చెప్పుకోవాలి, సర్దుకొమ్మని ఎప్పుడూ ఒకరినే అడగకూడదు.